ఏడో వరుస మీద గీత

శనివారం సాయంత్రం 4 గంటల 10 నిమిషాలు. పేజీలు ముప్పై ఎనిమిది, పేజీకి పన్నెండు పేర్లు. స్కానరుకూ నా బెల్లం పూతరేకుల డబ్బాకూ మధ్య దూరం ఇరవై సెంటీమీటర్లు. పాలకొల్లులో ఒక చర్చి ఎన్నికను అల్లరిపాలు చేసి, అందులో అభ్యర్థినైన నన్ను నిలువునా ముంచడానికి ఈ అంకెలు సరిపోయాయి.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఇంజనీరింగ్ పట్టా కన్నా పొగరు నాలుగు అంగుళాలు పెద్దది. మరునాడే సంఘ కార్యదర్శి ఎన్నిక. ఓటర్ల జాబితాను చేత్తో రాసినవారు రిటైర్డు టీచరు రత్నకుమారి గారు. దాన్ని స్కాన్ చేసి, ప్రింటు తీసి, గేటుకు అంటించే పనిని నేనే నెత్తికెత్తుకున్నాను.

“బాబూ, పక్కనున్న ఆ సన్నటి గాజు పట్టీ కూడా తుడవండి,” అన్నారావిడ.

పెద్ద గాజును ఐదుసార్లు తుడిచిన వాణ్ణి, నాకా చెప్పడం? పూతరేకు కొరుకుతూనే కాగితాలను అడ్డంగా, స్కానరు పైన వాటిని ఒక్కొక్కటిగా లోపలికి లాక్కునే ఫీడరులో పెట్టాను. ఫీడరులో దీపం కదలదు. కాగితమే ఆ పట్టీ మీదుగా జారిపోతుంది. అందువల్ల పట్టీ మీద రవ్వంత మచ్చ ఉన్నా కాగితం ఈ చివర నుంచి ఆ చివరకు గీత పడుతుంది. ఈ సూత్రం మీద నేను గంటసేపు ఉపన్యసించగలను. తుడవడం మాత్రం నా స్థాయి పని కాదు.

ఆదివారం ఉదయం గేటు దగ్గర గోల. ప్రతి పేజీలోనూ ఏడో పేరు మీద నల్లటి గీత. మా సంఘంలో పేరు కొట్టేశారంటే సభ్యత్వం పోయినట్టే, ఓటు లేనట్టే. గీత పడినవాళ్లు నన్ను చుట్టుముట్టారు. ఒక పెద్దాయన బైబిలు చంకన పెట్టుకుని, “నేనేం తప్పు చేశానండి?” అని నిలదీశారు.

“గీత అసలు కాగితంలోనే ఉందండి. మన కంటికి ఆనదు, స్కానరు కంటికి ఆనింది,” అన్నాను.

రత్నకుమారి గారు వాదించలేదు. అసలు జాబితా తెచ్చి బల్ల మీద పరిచారు. గీత స్కానరుదే అన్నవాళ్లందరికీ ఓటు చీటీ ఇచ్చారు. ముప్పై ఏడు మంది తీసుకున్నారు. మిగిలిన ఒక్క పేరు పన్నెండో పేజీలో ఉంది. అది నాది.

“గీత స్కానరుదేనా బాబూ?”

“కాదండి.”

“అయితే మీ పేరు కొట్టేసినట్టే కదండి మరి.”

నేను తలవంచలేదు. ఓటూ వేయలేదు. సాయంత్రం అందరూ వెళ్లాక మూత ఎత్తి చూస్తే, గాజు పట్టీ మీద నేతితో అతుక్కున్న బెల్లం పలుకు. తుడవడానికి రెండు సెకన్లు పట్టింది.

ఆ క్షణాన, ఆ మూత మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో స్కానరు ముట్టను. పూతరేకులు మాత్రం మానను.

మొత్తం నష్టం: కాగితాలు ముప్పై ఎనిమిది, కార్యదర్శి పదవి ఒకటి. ఓడిపోయింది ఒక్క ఓటు తేడాతో.