దొరువు గట్టున ఆయిలింజను

మొన్న వేసవిలో, చాలా ఏళ్ల తరువాత, మా ఊరికి తూర్పున సముద్రం పక్కనున్న ఇసకదిబ్బల మీదికి వెళ్లాను. మోకాళ్లు సహకరించవు కాబట్టి, పక్క ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పే మా మేనత్త మునిమనవరాలు నన్ను స్కూటీ మీద దిబ్బ మొదలుదాకా తీసుకుపోయి, అక్కడి నుంచి చెయ్యి పట్టుకొని నడిపించింది. మేనత్త దొరువు ఇంకా ఉంది. గట్లు జారిపోయి, చుట్టూ ముళ్లకంప పెరిగి, అడుగున కాసిని నీళ్లతో ఉంది. ఆ పిల్ల దోసిట్లో తెచ్చి ఇచ్చిన నీళ్లు నోట్లో పోసుకున్నాను. ఉప్పు. ఆ దొరువులో నీళ్లు తోడటం మానేసి చాలా కాలమైంది. మోటారు లేదు, ఇంజను లేదు, కడవ ముంచే మనిషి కూడా లేడు. ఎవరూ తాకని నీళ్లు ఎందుకు ఉప్పెక్కాయో నాకు అంతుబట్టలేదు. ఆ దొరువును పూర్వం ఒకసారి ఉప్పెక్కించినవాణ్ణి నేనే కనక, అది ఎలా జరుగుతుందో నాకు తెలుసుననుకునేవాణ్ణి.

నా ఈడువాళ్లకు దొరువంటే చెప్పనక్కరలేదు గాని, ఈ కాలం పిల్లల కోసం నాలుగు మాటలు చెబుతాను. సముద్రం ఒడ్డున ఇసకలో నిలువెత్తు గుంట తవ్వితే తియ్యటి నీళ్లు ఊరుతాయి. అవి వాననీళ్లే. ఇసకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పల్చగా, పాల మీద మీగడలాగా నిలిచి ఉంటాయి. ఆ తియ్యటి పొర అయిపోయేదాకా తోడితే అడుగు ఉప్పు పైకి వస్తుంది. గుంటకు ఏటవాలుగా దారి చేసుకొని, రెండు చేతులా రెండు కడవలతో దిగి, ముంచుకొని పైకొచ్చి, మళ్లమీద చిలకరించేవాళ్లు. నీళ్లు తగ్గగానే మనుషులు గట్టున కూర్చుని వక్కాకు వేసుకునేవాళ్లు, దొరువు మళ్లీ ఊరేది. నేను స్కూలుకు పోయే రోజుల్లో, అంటే నయాపైసలు కొత్తగా వచ్చిన కాలంలో, దిబ్బల మీద పొద్దున్నే ఎటు చూసినా కడవలు పట్టుకొని దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు కనిపించేవారు.

మా మేనత్త చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకొని, కూతురితో పుట్టింటికి వచ్చి, మా తాత ఇచ్చిన ఇసక చెక్కలో, అంటే చిన్న పొలం ముక్కలో, మిరపనారు పోసి బతికింది. ఆమె నారు అంటే అల్లూరు వైపు రైతులు కూడా బండ్లు కట్టుకొని వచ్చేవారు. ఆమె దొరువు నీళ్లు ఎంత తియ్యగా ఉండేవంటే, కింద పట్టపుపాళెంలో చేపలు పట్టుకొని బతికే కుటుంబాల ఆడవాళ్లు తాగేనీళ్లకు అక్కడికే వచ్చేవారు. నారుకు నీళ్లు పెట్టకముందే వాళ్ల కడవలు నిండాలని ఆమె పెట్టుకున్న నియమం. దానికి బదులుగా వాళ్లు ఆకుల్లో చుట్టి ఏ చేపో పెట్టిపోయేవారు. కడవలు మోసి మోసి ఆమె భుజాలు మగవాడి భుజాల్లా ఉండేవి. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ చేతులే.

చదువు ఎస్సెల్సీతో ఆపి, పక్కనే ఉన్న మా నాన్న చెక్కను నేను సాగు చేయటం మొదలుపెట్టిన కొద్దిరోజులకు, అరవైల తొలినాళ్లలో, నెల్లూరు నుంచి ఎద్దులబండి మీద ఆయిలింజను తెప్పించాను. దిబ్బల మీద అదే మొదటిది. దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, హ్యాండిలు తిప్పాను. అది కాస్సేపు మొరాయించి, ఒక్కసారిగా నల్లటి పొగ కక్కి, టుక్కు టుక్కుమని అందుకుంది. పాళెం నుంచి సగంమంది వచ్చి చూశారు. మేనత్త చెవులు మూసుకొని నవ్వింది.

“ఏందిరా అబ్బయ్యా, దీనికి ఉబ్బసమా? ఇట్లా దగ్గతా ఉండాదే!”

గొట్టంలోంచి నీళ్లు దూకగానే ఆ నవ్వు ఆగిపోయింది. కాలవలో కాళ్లు పెట్టుకొని అలా నిలబడిపోయింది. మా కాలవను పొడిగించి ఆమె మళ్లకు కూడా నీళ్లు వదిలాను. ఆ ఏడు ఆమె కడవ ఎత్తలేదు. ఒకనాడు అన్నం పెడుతూ, భుజం నొప్పి లేకుండా పడుకోవటం ఎట్లుంటుందో నలభై దాటాక తెలిసిందని చెప్పింది. ఇంజన్లను తిట్టేటప్పుడు ఈ సంగతి మరవకూడదని దీన్ని కూడా రాస్తున్నాను. ఇంజనులో పోసే క్రూడాయిలు వాసన నా జుట్టుకు, చొక్కాకు పట్టి వదిలేది కాదు. నాకది సెంటు వాసన. చుట్టుపక్కల ఊళ్లలో నేను ఇంజనోళ్లబ్బాయినయ్యాను. పెళ్లి సంబంధాలు కూడా ఆ పేరుమీదే వచ్చాయి. “మా నాయన నిన్ను జూసి ఇయ్యలా, ఇంజన్ను జూసి ఇచ్చినాడు” అని మా ఆవిడ కడదాకా నన్ను ఎత్తిపొడుస్తూనే ఉండేది.

రెండో ఏడు కార్తీకంలో వానలు వెనుకాడాయి. అయినా నేను తగ్గలేదు. వేరుశనగ రెండింతలు వేశాను, మా దొరువును ఇంకా లోతు తవ్వించి, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ఇంజను ఆడించాను. దొరువు ఊరేదాకా ఆగటమనేది మనుషులు కడవలతో తోడిన కాలపు పద్ధతి అనుకున్నాను. వేసవి నడిమికి వచ్చేసరికి, పాళెంవాళ్లలో పెద్దదైన ఒక అక్క, మేనత్త దొరువులో కడవ ముంచి నీళ్లు పుక్కిలించి ఉమ్మేసింది. నీళ్లు నోట్లో పెడితే ఉప్పుచేప నాకినట్టుందని మేనత్తతో చెప్పింది. మేనత్త కూడా తాగి చూసి, నా దగ్గరికి వచ్చి, కొన్నాళ్లు ఇంజను నిలిపి చూద్దామంది. కాయ గట్టిపడే సమయం అది. నిలిపితే పంట పోతుంది.

అప్పుడు నేను అన్నమాట ఇన్నేళ్లయినా నా చెవిలో ఉంది. పాళెంవాళ్లు చేపల కడవలు కడగకుండా తెచ్చి దొరువులో ముంచుతున్నారని, ఉప్పు అక్కడి నుంచే వస్తోందని అన్నాను. అది అబద్ధమని అనేటప్పుడే నాకు తెలుసు. మా దొరువు నీళ్ల రుచి మారిన సంగతి అంతకు వారం ముందే గమనించి, ఎవరికీ చెప్పకుండా మింగి ఊరుకున్నాను. నా మాట వాళ్లకు వినిపించేంత గట్టిగానే అన్నాను. ఆ అక్క ముంచిన కడవను దొరువు గట్టున వంచేసి, తక్కినవాళ్లను పిలుచుకొని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి వాళ్లు ఉత్తరంగా, ఎండలో, చాలా దూరంలో ఉన్న మరో దొరువుకు పోవటం మొదలుపెట్టారు.

నా వేరుశనగ పండింది. మేనత్త మాత్రం తన కడవలు మళ్లీ తీసి, పాళెం ఆడవాళ్ల వెనకాలే ఆ దూరపు దొరువుకు నడిచింది. మా దొరువుల నీళ్లు మేం ఇద్దరం తాగటం మానేశాం, దాని గురించి మాట్లాడుకోవటం కూడా మానేశాం. నేను రెండో పంటకు ఇంజను తిప్పుతూనే ఉన్నాను. శ్రావణంలో ఆమె మా కాలవ నీళ్లతోనే నారు పోసింది. మొలక బాగానే లేచింది, కాని రెండాకులు వేసేసరికి కొసలు కాలినట్టు మాడటం మొదలుపెట్టాయి. మళ్ల గట్ల మీద తెల్లగా పొడి పేరుకుంది. వేలితో తీసి నాలుకమీద పెట్టుకుంటే ఉప్పు. ఆమె దూరం నుంచి మోసుకొచ్చిన తాగేనీళ్లు కూడా సగం నారుమీద పోసింది. అలా కడవ వంచి పోస్తున్న మనిషిని మా ఇంజను పక్కన నిలబడి చూశాను. నారు దక్కలేదు. అల్లూరు నుంచి వచ్చిన బండ్లు ఖాళీగా తిరిగిపోయాయి. ఒక రైతు నారేదమ్మా అని అడిగితే, ఈ ఏడు కుదర్లేదులే నాయనా అన్నది, నా పేరు ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం ఇంజను ఆపేశాను. ఆపగానే సముద్రం చప్పుడు వినబడింది. రెండేళ్లుగా పగలు ఆ చప్పుడు విననేలేదని అప్పుడు తెలిసింది. మేనత్త దగ్గరికి పోయి, తప్పు నాదేనత్తా అన్నాను. ఆమె కడవ దించకుండానే, “నాతో జెప్తే ఏమొస్తాది? పాళెం బొయ్యి జెప్పు” అంది.

పాళెంలో ఆడవాళ్లు ఇసకమీద చేపలు ఎండబోస్తున్నారు. అందరిముందూ చెప్పాను, నీళ్లు పాడైంది మీ కడవల వల్ల కాదు, నా ఇంజను వల్ల, అది తెలిసే మీమీద వేశానని. ఆ అక్క చేతిలోని చేప వదల్లేదు.

“మా కడవలు కడుక్కోను మాకు దెలుసులే అబ్బయ్యా. నీ ఇంజను మూతి ఎవురు కడగాలో అది జూసుకో.”

అందరూ పకపకా నవ్వారు. నేను తల వంచుకొని నిలబడితే, ఆమె లేచి గుడిసెలోకి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది. తాగమని, ఆ నీళ్లు మోసుకొచ్చిన దూరం గుర్తుపెట్టుకొని తాగమని చెప్పింది. తాగాను. చెంబు ఖాళీ చేసి తిరిగి ఇచ్చాను.

ఆ తరువాత కార్తీకంలో వాన పట్టుకుంది. ఆనాటి వానలు నా ఈడువాళ్లకు జ్ఞాపకం ఉంటాయి. రోజుల తరబడి, గాలి లేకుండా, సన్నగా, ఆగకుండా పడేది, ఒక్క చుక్క కూడా ఇసక మీద పారకుండా లోపలికి ఇంకేది. మరుసటి ఏడు కూడా అలాగే కురిసింది. మేనత్త ప్రతి ఏడూ వానలు వెలిశాక దొరువులోకి దిగి ఒక గుక్క తాగి చూసి, తల అడ్డంగా ఆడించి పైకి వచ్చేది. మూడో ఏడు మాత్రం పైకి రాకుండా అక్కడి నుంచే పాళెంవాళ్లకు వినబడేలా కేక పెట్టింది. ఆ సాయంత్రం ఆ అక్క తన కడవ తెచ్చి ముంచింది. నాకు అదే చాలనిపించింది.

ఇంజన్ను మాత్రం వదిలిపెట్టలేదు. దిబ్బమీద నుంచి విప్పి, పడమరగా కాలవ పక్కనున్న వరిపొలానికి మార్చాను. అక్కడ ఉప్పు భయం లేదు. తరువాత మా ఊళ్లోనే వీధికొక ఇంజను వచ్చింది. నేను ఇంకోటి కొన్నాను, ఆపైన ట్రాక్టరు కొన్నాను, రొయ్యల గుంటలు వచ్చాక కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు వేశాను. నేర్చుకోవలసిన పాఠం నేర్చుకున్నానని, తోడకూడనిచోట తోడకపోతే చాలునని అనుకొని ధీమాగా బతికాను. పొగ గురించి ఎన్నడూ ఆలోచించలేదు. అది తాడిచెట్టు ఎత్తుకు పోయేలోపే కనిపించకుండా పోయేది. కనిపించనిది పోయినట్టేనని మా నమ్మకం.

మొన్న దొరువు గట్టున కూర్చున్నప్పుడు మేనత్త మునిమనవరాలు చెప్పింది, అది పోలేదట. మా కాలపు పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువని చదువుకున్నామే, క్రూడాయిలు కాల్చినా బొగ్గు కాల్చినా వచ్చే ఆ గాలి, వందల ఏళ్లు పైనే ఉంటుందట. నీళ్లు నిలగట్టిన వరిమళ్ల నుంచి, పశువుల నుంచి వచ్చే మరో వాయువు దానికి తోడట. మామిడికాయలు మగ్గేయటానికి గడ్డి కప్పితే లోపల ఉడుకు నిలిచినట్టు, ఇవన్నీ కలిసి భూమి ఉడుకును బయటికి పోనివ్వవట. ఆ వేడికి ఎక్కడో మంచు కరిగి, సముద్రం నీళ్లు కూడా ఉబ్బి పైకి వస్తున్నాయట. పైకి వచ్చిన సముద్రం ఒడ్డునే కాక ఇసక కింద నుంచి కూడా లోపలికి తోసుకొస్తుందట. చుట్టూ ఉన్న రొయ్యల గుంటల ఉప్పు కొంత కారణమేనంది. వాన కూడా అప్పటిలా ఇంకేట్టు కురవకుండా, నెల వాన ఒక్కనాడే కురిసి సముద్రంలోకి పారిపోతోంది గనక, దొరువును మళ్లీ తియ్యబరిచే దారి మూసుకుపోతోందంది. నా ముఖం చూసి, జాలిపడి కాబోలు, “నీ ఒక్క ఇంజనుకేనా తాతా ఇంత? ఊరికే మనసు పాడుజేసుకోవాక” అంది. ఆ ఓదార్పులో వాళ్ల ముత్తవ్వ గొంతు వినిపించింది. నిజమే, నా ఒక్కడి ఇంజనే కాదు, మాకన్నా వేయింతలు కాల్చిన దేశాలున్నాయి. కాని నా పొగ కూడా ఆ పైనే ఎక్కడో ఉంది. ఇసకలోకి నేను లాగిన ఉప్పును మూడేళ్ల వానలు కడిగేశాయి. పైకి పంపినదాన్ని కడిగే వాన లేదు.

చేసిన తప్పును ఎవరో ఒకరి ముందు నిలబడి చెప్పుకోవటం, వాళ్లు నాలుగు మాటలు అని చెంబెడు నీళ్లివ్వటం, మా రోజుల్లో ఉండేది. పాళెందాకా నడిస్తే చాలు, అడిగేవాళ్లు అక్కడ ఉండేవారు. ఇప్పుడు నేను ఎవరి దగ్గరికి నడవాలో తెలియదు. నన్ను నిలదీయవలసినవాళ్లలో చాలామంది ఇంకా పుట్టనే లేదు.