ఆకుపచ్చ గడిలో కరువు

మొన్న డోన్ స్టేషన్‌లో బండి కోసం కూర్చున్నాను. పక్క బెంచీ మీద, మెడలో గుర్తింపు కార్డులు వేలాడుతున్న ఇద్దరు కుర్రవాళ్లు ల్యాప్‌టాప్ తెరిచి ఏదో స్వచ్ఛంద సంస్థ ప్రణాళికను దిద్దుతున్నారు. తెర మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గడులు. "పరిస్థితిని బట్టి మారే ప్లాన్ కదా, ఏమొచ్చినా తట్టుకుంటుంది" అని ఒకడు రెండోవాడికి ధైర్యం చెబుతున్నాడు. వాళ్లను చూస్తే జాలి వేయాలి, వేయలేదు. అలాంటి గడులు నేను రెండేళ్లు నా చేతులతోనే గీశాను. అవి దేన్ని తట్టుకుంటాయో, దేన్ని తట్టుకోలేవో నాకు తెలుసు.

కడపలో ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం దొరక్క ఇంట్లో ఉన్న రోజులవి. మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, బేతంచెర్ల చుట్టుపక్కల పల్లెల్లో పశువుల మేత కోసం ఒక సంస్థ నడిపేవాడు. దాని పుట్టుక చాలా మామూలుది. మా ఊళ్లో పంట బాగా వచ్చినవాళ్లు తలా కొంత జొన్న చొప్ప ఊరుమ్మడి వామికి వేసేవాళ్లు. ఎండాకాలంలో ఎవరింట్లో మేత అయిపోతే వాళ్లు అందులోంచి తీసుకుని, మరుసటి పంటకు తిరిగి వేసేవాళ్లు. సమావేశాలు లేవు, తీర్మానాలు లేవు, చివర్లో ఫోటో లేదు. చిన్నాయన ఆ వామిని సంస్థగా రిజిస్టర్ చేయించాడు. నిధులు తెచ్చాడు, బండలతో గోడౌన్ కట్టించి దాని నిండా మేత కొని పెట్టాడు. అంతవరకూ ఆయనను తప్పుపట్టను. ఆ తర్వాత నిధులిచ్చేవాళ్లు "మీ వ్యూహం ఏమిటి?" అని అడిగారు. ఆ ప్రశ్న విన్నప్పటి నుంచి చిన్నాయన నడక కూడా మారిపోయింది.

వ్యూహం కోసం హైదరాబాద్ నుంచి ఒక సలహాదారు దిగాడు. కర్నూలులో ఏసీ హోటల్లో రెండు రోజుల సమావేశం. పశువుల మేత గురించి మాట్లాడిన ఆ రెండు రోజుల్లో పశువు ఉన్న మనిషి ఆ గదిలోకి రాలేదు. మధ్యాహ్నం భోజనంలో పనీరు మాత్రం రెండు రకాలు వచ్చింది. సలహాదారు గోడంతా రంగు కాగితాలు అంటించాడు. పాత పద్ధతి ప్రణాళికలు బండరాళ్లట, మనది నీళ్లలా పారాలట. తేలిందేమిటంటే: ఒకటి, ప్రతి మూడు నెలలకూ సమీక్ష. రెండు, పరిస్థితి మారితే పని మారుతుంది. మూడు, పరిస్థితి మారిందో లేదో ఒకే సూచిక చెబుతుంది, అది వర్షపాతం. మామూలుకన్నా వాన బాగా తగ్గితే ఎరుపు, గోడౌన్ తెరవాలి. మామూలుగానో ఎక్కువగానో పడితే ఆకుపచ్చ, గోడౌన్ మూసి యువతకు శిక్షణ తరగతులు పెట్టాలి. మధ్యలో పసుపు, అప్పుడు ఇంకో సమావేశం పెట్టాలి. వాన లెక్కలు ప్రభుత్వం దగ్గర ఉచితంగా దొరుకుతాయి కాబట్టి ఆ సూచికే మేలన్నారు. ఆ రంగులు వేసే పనికి చిన్నాయన నన్ను పెట్టుకున్నాడు.

ఆ ఏడాది వాన పడింది. మా సీమలో అలాంటి వాన చూసి ముసలివాళ్లు కూడా నోరు తెరిచారు. కుంటలు నిండాయి, వంకలు పారాయి. పీకిన వేరుశనగ చేలోనే పడి ఉండగా మళ్లీ ముసురు పట్టింది. కాయ సగం మొలకెత్తింది. పశువుకు మేతగా వేసే వేరుశనగ కట్టె నల్లబడి బూజు పట్టింది, పశువు మూతి కూడా పెట్టలేదు. జొన్న నేలకొరిగి చొప్ప కుళ్లింది. గట్ల మీద పచ్చిగడ్డి ఉన్నన్ని రోజులు ఎవరికీ ఏమీ తెలియలేదు. ఎండ ముదిరేసరికి ఏ దొడ్లో చూసినా వామి లేదు. వాన ఎక్కువై వచ్చిన కరువు అది. నా పట్టికలో మాత్రం ఆ గడి గరికకన్నా పచ్చగా ఉంది.

ఆ ఎండల్లో సంస్థ ఆఫీసులో, సలహాదారు ముందు మూడు నెలల సమీక్ష జరుగుతుండగా మా అత్త వచ్చింది. ఆమె చిన్నాయనకు సొంత అక్క. మామ పోయాక రెండు ఎనుములు, అంటే గేదెలు, ఇచ్చే పాలతోనే ఇల్లు నడుపుతోంది. చెప్పులు బయట విడిచి, గోడ మీది కాగితాలను ఒకసారి చూసి, నేరుగా తమ్ముడి ముందు నిలబడింది.

"ఏమిరా, గోడౌన్ నిండా మేత పెట్టుకొని ఈడ బొమ్మలు అంటిస్తాండారా?"

"అక్కా, ప్లాన్ ప్రకారం ఈ యేడు కరువు లేదు."

"ఆ మాట నా ఎనుముకు చెప్పుపో. అది చదువుకోలేదు, దానికి తెలీడం లేదు."

"సొంత అక్కకు ఇస్తే నిధులిచ్చేవాళ్లు ఏమనుకుంటారు?"

"నా ఒక్కదానికేనా నేను అడిగింది? ఊరంతా అడుగుతాండాది. అందరికీ ఇచ్చి నాకు కడగా ఇయ్యి, పోనీ."

సలహాదారు లేచి, "అమ్మా, మీ అభిప్రాయం చాలా విలువైనది" అని దాన్ని ఒక పసుపు కాగితం మీద రాసి గోడకు అంటించాడు. అత్త ఆ కాగితాన్ని, ఆయన్ని మార్చి మార్చి చూసి, "దీన్ని నానబెట్టి పెడితే తింటాదా అప్పా?" అంది. ఎవరూ నవ్వలేదు. ఆ గదిలో నవ్వాల్సిన మాట అదొక్కటే.

ఆమె వెళ్లాక, వర్షపాతం పక్కన మేత నిల్వకు కూడా ఒక గడి పెడదామన్నాను. పది నిమిషాల పని. చిన్నాయన సలహాదారు వైపు చూశాడు. సలహాదారు, మధ్యలో సూచికలు మారిస్తే నిధులిచ్చేవాళ్లకు నమ్మకం పోతుందన్నాడు. ప్రపంచంలో ఏది మారినా తానూ మారుతానని చెప్పుకున్న ప్రణాళికలో మార్చకూడనిది ఒక్కటే ఉందన్నమాట, ఆ ప్రణాళిక. ఇంత తేలిక విషయం అర్థం కావడానికి నాకు ఒక డిగ్రీ, ఒక హోటలు అవసరమయ్యాయి. ఆ మూడు నెలలూ గోడౌన్‌కు తాళమే. బయట యువతకు నాయకత్వ లక్షణాల మీద తరగతులు జరిగాయి.

అత్త రెండు ఎనుములనూ లారీ తెచ్చుకున్న బేరగాడికి ఇచ్చేసింది. ఆ వేసవిలో ఊళ్లో దాదాపు అన్ని దొడ్లూ అలాగే ఖాళీ అయ్యాయి.

మరుసటి ఏడు ముంగారు వానలు, అంటే తొలకరి, రాలేదు. గడి ఎర్రబడింది, తాళం తీశారు. అడుగు వరసలను అప్పటికే చెదలు తినేశాయి. మిగిలిన మేతను ట్రాక్టరుకెక్కించి, ముందు బ్యానరు కట్టి, చిన్నాయన ఫోటోగ్రాఫరుతో ఊళ్లోకి వచ్చాడు. మొదటి మోపు అక్క ఇంట్లోనే దించాలని ఆయన ముచ్చట. నేనూ ట్రాక్టరు వెనకే ఉన్నాను.

అత్త గడపలో నిలబడి అడిగింది. "ఈ గడ్డి నేను తినల్లనా?"

"అట్లంటావేమక్కా? ప్లాన్ ఇప్పుడు ఒప్పుకునింది."

"అయితే పోయి కొట్టంలో చెప్పు. ఆడ వినేటోళ్లు ఎవురూ లేరు."

చిన్నాయన ట్రాక్టరును పక్కింటి వైపు తిప్పించాడు. అక్కడా పశువులు లేవు. మోపు ఎక్కడ దించాలో తెలియక ట్రాక్టరు ఊరంతా ఒక చుట్టు తిరిగింది. ఫోటోలు బాగానే వచ్చాయి. ఆ నెలాఖరుకు నేను ఆ పని మానేశాను.

ఇప్పుడు చిన్నాయనను కొత్త సంస్థలకు పాఠాలు చెప్పడానికి పిలుస్తున్నారు. వాన పడి, శిక్షణ తరగతులు నడిచిన ఆ ఏడాదిని ఆయన వేదికల మీద "మా సంస్థ మలుపు తిరిగిన సంవత్సరం" అంటాడు. అత్త ఎప్పుడైనా దాని ప్రస్తావన వస్తే "ఎనుములు పోయిన యేడు" అంటుంది. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు, ఒకే ఊరివాళ్లు, చెబుతున్నది ఒకే పన్నెండు నెలల గురించి. గడిచిపోయిన కాలానికి పేరు పెట్టే పని మాత్రం ఎప్పుడూ మైకు ఉన్నవాళ్ల చేతిలోనే ఉంటుంది.