గీతాంజలి అడ్రసు

నందిగామ కుటుంబ సలహా కేంద్రంలో వైదేహి కౌన్సిలర్. ఇంట్లో దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్లకు వైద్యం చేయించడం, కేసు పెట్టించడం, తలదాచుకునే చోటు చూపించడం ఆమె పని. డాక్టరు, పోలీసు, వకీలు ఒక్క మాట మీద ఉండేలా చూడటం అన్నిటికన్నా కష్టం. విజయవాడలో చాన్నాళ్లు ఇదే పని చేసి రిటైరైన భారతీదేవి ప్రతి శుక్రవారం బస్సులో వచ్చి ఆమెతో కూర్చునేది. కేసుల సంగతి కన్నా వైదేహి సంగతే ఎక్కువ అడిగేది.

2008 వేసవిలో జగ్గయ్యపేట నుంచి గీతాంజలి వచ్చింది. చెయ్యి విరిగి ఉంది, చంకలో పాప. భర్త వీరేంద్రకి లారీలున్నాయి, పలుకుబడి ఉంది. వైదేహి ఆమెకు కట్టు కట్టించి, కేసు పెట్టించి, తల్లీబిడ్డల్ని విజయవాడలో ఒక హాస్టల్లో చేర్చింది. అడ్రసు బయటికి పొక్కకూడదని అందరికీ మరీ మరీ చెప్పింది.

నెల తిరక్కుండానే వీరేంద్ర ఆ హాస్టల్ గేటు దగ్గర కాపు కాశాడు. పాల ప్యాకెట్టు కోసం బయటికొచ్చిన గీతాంజలిని కడుపులో పొడిచాడు. అతన్ని అక్కడే పట్టుకున్నారు. అడ్రసు చెప్పింది ఆ కేసు పని చూస్తున్న కానిస్టేబుల్ బసవయ్య అని తేలింది.

వైదేహి ఆఫీసుకి వెళ్లడం మానేసింది. కబురు తెలిసి భారతీదేవి ఇంటికొచ్చింది.

"ఉద్యోగం మానేస్తానండీ. నా చేతులారా ఆ పిల్లని వాడికి అప్పజెప్పినట్టయింది."

"మానేద్దువుగాని. ముందు అన్నం తిను."

చారు కాచి, దగ్గర కూర్చుని తినిపించింది. నీ తప్పు లేదని మాత్రం అనలేదు. మొదటినుంచీ చెప్పమని, అంతా విని, ఒక్కచోట ఆపింది.

"అడ్రసు చెప్పొద్దన్నావు. ఎందుకు చెప్పకూడదో బసవయ్యకి చెప్పావా?"

"పోలీసుకి అదీ చెప్పాలా?"

"మొగుడూ పెళ్లాల్ని కలిపి పంపడమే పుణ్యమనుకునే మనిషమ్మా. చెప్పాలి."

మర్నాడు ఇద్దరూ బసవయ్య ఇంటికెళ్లారు. అప్పటికే సస్పెండయి ఉన్నాడు.

"పాపని ఒక్కసారి చూసుకుంటానని కాళ్లు పట్టుకున్నాడమ్మా. నాకు మనసాగలేదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ పిల్ల ఎలా ఉంది?" అన్నాడు.

అరవాలనే వెళ్లింది వైదేహి. "బతికింది," అని మాత్రం అని బయటికొచ్చేసింది.

గీతాంజలి కోలుకుని ఎక్కడికో వెళ్లిపోయింది. ఎక్కడికో వైదేహికి కూడా చెప్పలేదు. ఆ మాట భారతీదేవి దగ్గర చెప్పుకుని వైదేహి చాలాసేపు ఏడ్చింది.

ఆ వర్షాకాలం నుంచి పోలీసుల్ని, నర్సుల్ని, వకీళ్లని నెలకోసారి కేంద్రంలో కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. పేరు చెప్పకుండా జరిగింది చెప్పేది. కొందరు వినేవాళ్లు, కొందరు వాచీ చూసుకునేవాళ్లు.

"ఫోన్ మోగితే ఇప్పటికీ గుండె జారిపోతోంది. ఈ భయం పోతుందాండీ?" అని ఒక శుక్రవారం బస్టాండులో అడిగింది.

"నాకైతే పోలేదు," అంది భారతీదేవి.

విజయవాడ బస్సొచ్చినా ఆమె ఎక్కలేదు. వైదేహి పక్కనే బెంచీ మీద కూర్చుండిపోయింది.