పదమూడో పిల్ల

ఆ రోజుల్లో సిడ్నీలోని మన తెలుగిళ్ళలో మగవాళ్ళది ఒకటే జపం. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తప్పుతాయట, బ్యాంకులు మూతపడతాయట, విమానాలు ఎగరవట. మా ఆయన పొద్దున్నే టూంగాబీ స్టేషన్లో రైలెక్కి, ఆ ప్రళయాన్ని ఆపే పనిలో పగలంతా గడిపి, ఇంటికొచ్చి అన్నం తిని, పలకరిస్తే ‘ఊఁ’ అని నిద్రపోయేవారు. తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకి జువాలజీ చెప్పినదాన్ని, గోడలకి పాఠం చెప్పుకోలేక దగ్గర్లోని హైస్కూల్లో టీచర్లకి సహాయకురాలిగా చేరాను. (సహాయం ఎవరికి ఎవరు చేశారన్నది వేరే సంగతి. వాళ్ళ ఇంగ్లీషు నాకు అర్థమయ్యేసరికి పీరియడ్ అయిపోయేది.) చేరి నెల తిరక్కుండానే సైన్స్ మేష్టారు నన్ను పిలిచి, “నువ్వు జువాలజీ కదా, మ్యాన్లీ బీచ్‌కి రా. రాళ్ళ మధ్య పీతల్నీ నత్తల్నీ చూపిద్దాం. నీకు పన్నెండు మంది. పోగొట్టకుండా తెస్తే చాలు. నో వరీస్!” అన్నాడు. ఏడాది పొడుగునా నిక్కర్లోనే ఉండేవాడు కాబట్టి నేను ఆయనకి మనసులో నిక్కరు మేష్టారని పేరు పెట్టుకున్నాను.

పోగొట్టకుండా అన్న ఆ ఒక్క మాట నా నిద్ర చెడగొట్టింది. పద్నాలుగేళ్ళ పిల్లలు, ఒక్కొక్కరూ నాకంటే జానెడు పొడుగు. రైల్లో లెక్కపెట్టాను, మ్యాన్లీకి వెళ్ళే ఫెర్రీ పడవ ఎక్కేటప్పుడు లెక్కపెట్టాను, దిగేటప్పుడు లెక్కపెట్టాను. బీచ్‌లో పీతల వంక ఒక్కసారి కూడా చూడలేదు. ఇంగ్లీషులో మొదలుపెడితే ఏడు దగ్గర తడబడుతున్నానని, వేలు చూపిస్తూ “ఒకటి, రెండు, మూడు” అని పైకే లెక్కపెట్టేదాన్ని. పిల్లలు నవ్వుకునేవాళ్ళు. వాళ్ళలో చిప్స్ బాబు అని ఒకడు (చేతిలో ఎప్పుడూ బంగాళాదుంప చిప్సే) మధ్యాహ్నానికల్లా “మూడూ, నాలుగూ” అంటూ నాతో అందుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో మ్యాన్లీ రేవు తిరణాలలా ఉంది. మా బడివాళ్ళే కాక ఇంకో రెండు మూడు బళ్ళ పిల్లలు, అందరి తలల మీదా నీలం టోపీలే. నేను ముఖాలు చూడలేదు, టోపీలు చూశాను. పదకొండు, పన్నెండు. హమ్మయ్య అనుకుని అందర్నీ ఫెర్రీ ఎక్కించాను. ఇంక తలుపు వేస్తారనగా వేడివేడి చిప్స్ పొట్లంతో చిప్స్ బాబు పరిగెత్తుకుంటూ వచ్చి లోపలికి దూకాడు. “మిస్! వెయిట్ చెయ్యవా!” అన్నాడు రొప్పుతూ. వాడు ఇప్పుడొస్తే, మరి ఇందాక పన్నెండు ఎలా వచ్చింది? మళ్ళీ లెక్కపెట్టాను. పదమూడు. ఇంకోసారి. పదమూడే. ఒకళ్ళు తగ్గితే ఎలా ఏడవాలో రాత్రంతా అనుకున్నాను గానీ, ఒకళ్ళు ఎక్కువైతే ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు.

“టోపీలు తియ్యండి!” అన్నాను. చివరి టోపీ కింద నూనె రాసి దువ్విన రెండు జడలు, రిబ్బన్లతో మడిచి కట్టినవి. పేరడిగితే పలకలేదు. “ఏ బడమ్మా నీది?” అని కంగారులో తెలుగులో అనేశాను. ఆ పిల్ల కళ్ళు ఇంతయ్యాయి.

“మీరు లెక్క పెడ్తుంటే విన్న ఆంటీ. తెలుగు వినంగనే ఆగలేకపోయిన. మీ ఎన్కనే వచ్చిన.”

“మరి మీ టీచరు?”

“ఆడనే ఉన్నది. అందరికి ఐస్‌క్రీములు కొనిస్తున్నది.”

వెనక్కి చూశాను. రేవుకీ మాకూ మధ్య అప్పటికే బోలెడు సముద్రం. భర్త వీసా మీద వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోయిన ఆడమనిషి అని పేపర్లో నా ఫొటో అప్పుడే కళ్ళముందు కనిపించింది. నిక్కరు మేష్టారి దగ్గరికి పరుగెత్తి చెప్పాను. పొద్దుట్నించి ప్రతిదానికీ నో వరీస్ అన్న ఆ మహానుభావుడు, ఈసారి ఆ మాట అనలేదు. పాలిపోయిన ముఖంతో కెప్టెన్ దగ్గరికి ఉరికాడు. దాంతో నాకున్న కాస్త ధైర్యమూ పోయింది. కెప్టెన్ రేడియోలో మ్యాన్లీకి కబురు పెట్టాడు. అక్కడ అప్పటికే ఆడవాళ్ళ బాత్రూములన్నీ వెతుకుతున్నారట.

ఆ పిల్లకి మాత్రం ఏ బెంగా లేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. వాళ్ళది హన్మకొండ, ఇక్కడి బడిలో చేరి రెండు వారాలైంది, వాళ్ళ నాన్నదీ కంప్యూటర్ల పనే. “వాళ్ళ ఇంగ్లీషు నాకు సమజైతలేదు, నా ఇంగ్లీషు వాళ్ళకు సమజైతలేదు. అందుకే సప్పుడు చెయ్యక కూసుంటున్న,” అంది. “మీది ఏ ఊరు ఆంటీ?” అని అడిగింది. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఆంటీ అన్నందుకు నొచ్చుకునే తీరిక కూడా లేక, జవాబు చెప్పాను.

అవతలి రేవులో దిగి, వాళ్ళ బడి వచ్చే తర్వాతి ఫెర్రీ కోసం నిలబడ్డాం. వాళ్ళ టీచరు, తెల్లజుట్టు పెద్దావిడ, అందరికంటే ముందు దిగింది. తిట్లకి సిద్ధమై తల వంచుకున్నాను. ఆవిడ ఆ పిల్లని గట్టిగా వాటేసుకుని, నా వైపు తిరిగి, “నీతో మాట్లాడిందా? నోటితో?” అంది నమ్మలేనట్టు. “రెండు వారాల్లో దీని గొంతు మేమెవరం వినలేదు. మాట రాదేమోనని డాక్టరుకి చూపించమందాం అనుకుంటున్నాం!” అప్పుడా పిల్ల నా చెయ్యి వదలకుండానే, “సారీ మిస్,” అంది, స్పష్టంగా. పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, నావి భయం తీరిన కన్నీళ్ళు.

నా ఉద్యోగం పోలేదు. (తర్వాతి విహారయాత్రకి మాత్రం నాకు పిల్లల బదులు లంచ్ సంచులు అప్పగించారు.) ఇంటికెళ్ళే రైల్లో నిక్కరు మేష్టారు, “అరగంట సేపు అంతలా ఏం చెప్పింది ఆ అమ్మాయి?” అని అడిగాడు. చెబుదామని నోరు తెరిస్తే గొంతు బొంగురుపోయి ఉంది. గుర్తు చేసుకుంటే ఆ పిల్ల చెప్పింది నాలుగే నాలుగు ముక్కలు. తెనాలి సంగతులూ, మా చెల్లెళ్ళ పోట్లాటలూ, మా ఆయన ‘ఊఁ’లూ, గోంగూర దొరకని బాధా, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పిందంతా నేనే. పాపం, ఆ పిల్ల ఊఁ కొడుతూ వింది.