అరచేతిలో వైన్

మా అత్తగారు ఏ వంటనైనా అరచేతిలో చుక్క వేసుకునే రుచి చూసేవారు. గోల్‌మురి కంపెనీ కాలనీలో మా పక్క క్వార్టర్ నర్సు ఏటా క్రిస్మస్‌కి ద్రాక్ష వైన్ పెట్టేది. ఒక ఏడు అది మరీ పుల్లగా తేలింది. పారబోస్తానంటూ మా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది.

అత్తగారు అరచెయ్యి చాపారు. మడి, ఆచారం గల మనిషి కదా, నేను నోరెళ్లబెట్టాను. ఆవిడ చప్పరించి, "నేరేడుపళ్లతో పెట్టింది కూడా ఉందన్నావు కదేటి? అది కలుపు" అన్నారు. నర్సు కలిపిన కొద్దీ మళ్లీ చెయ్యి చాపి, కళ్లు మూసుకుని, "ముందు పులుపు, ఎనకాల వగరు... నేరేడుది ఇంకాత్త ఎయ్యి" అనేవారు. చివరికి అత్తగారి ముఖం విప్పారింది.

పండగనాడు నర్సు సంబరంగా ఒక నిండు సీసా తెచ్చింది. అత్తగారు దాన్ని ముట్టుకోలేదు.

"సీసాలెందుకమ్మా, మేం తాగుతామేటి? వచ్చే ఏడు రుచి సూడ్డానికి పిలు, వత్తాను."