చంద్రికలో అమర్చిన తరాలు

చింతామణిలో మా కంప్యూటర్ అంగడి గోడకు ఒక చంద్రిక వేలాడుతూ ఉంటుంది. పట్టుపురుగులు గూళ్లు కట్టుకోవడానికి వదిలే వెదురు తట్ట అది. లోపల వెదురు బద్ద చుట్టలు చుట్టలుగా తిరిగి మధ్యకు చేరుతుంది. మా చంద్రికలో గూళ్లు లేవు. ఒకే కంపెనీవి, కాలిపోయినవీ పాతబడినవీ ప్రాసెసర్ చిప్పులు ఉన్నాయి. బయటి చుట్టలో మొదటి తరం, అక్కడి నుంచి వరుసగా లోపలికి. వాటిని అమర్చింది నా స్నేహితుడు. వాళ్లది శిడ్లఘట్ట దగ్గర పురుగులు మేపిన ఇల్లు. వాళ్లమ్మ పొయ్యిలో పెట్టబోయిన తట్టను అడిగి తెచ్చాడు.

ఇద్దరం చిక్కబళ్లాపురంలో ఒకే బెంచీ మీద రిపేరు పని నేర్చుకున్నాం. అంగడి తెరిచేనాటికి రెండో తరం చిప్పులు నడుస్తున్నాయి. మూడో తరం పాత బోర్డులోనే ఒదిగి కూర్చుంది. నాలుగోది వచ్చి బోర్డే మార్చమంది. ఐదో తరం డెస్క్‌టాప్ చిప్పులు మా దాకా రానేలేదు. వాడు చంద్రికలో ఆ చోటు ఖాళీగా వదిలాడు.

"ఏదో ఒకటి పెట్టెయ్‌రా, ఎవురు చూస్తారు?" అన్నాను.

"నేను చూస్తా కదరా" అన్నాడు.

గిరాకీ వస్తే వాడు చిప్పు మీద వేడి లాగే పేస్టు తుడిచి, భూతద్దం చేతికిచ్చి, నంబరు వాళ్లతోనే చదివించేవాడు. "గీత పక్కన మొదటి అంకె ఏముండాదప్పా? ఆరా? అయితే ఇది ఆరో తరం. ఎద్దును కొనేటప్పుడు పండ్లు చూస్తారే, ఇదీ అంతే." ల్యాప్‌టాప్ అయితే తెరిచి, ఆ నంబరు తెర మీద చూపిస్తే గానీ డబ్బాలో పెట్టనిచ్చేవాడు కాదు. అమ్మకాలు చూసేవాణ్ని నేను. నాకు విసుగొచ్చేది.

"వచ్చినోళ్లకంతా పాఠం చెప్తే వ్యాపారం అయినట్టే."

"పెండ్లిచూపుల్లో గోత్రం కూడా అడక్కుండా తలూపినోడివి, నీకేం తెలుస్తాదిరా" అని నవ్వేవాడు.

కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేర్ కొత్తది ఒకటి వచ్చి, ఎనిమిదో తరం కంటే పాత చిప్పుల మీద కూర్చోనంది. అప్పటికి నేను బెంగళూరు నుంచి తెచ్చిన పాత ల్యాప్‌టాప్‌లు డజను దాకా అంగట్లో మిగిలి ఉన్నాయి. అన్నీ నాలుగో తరానివి. ల్యాప్‌టాప్ మీద చిప్పు తరం చెప్పే స్టిక్కర్లు, ఎనిమిదో తరానివి, విడిగా దొరుకుతాయని నాకు తెలుసు. నా స్నేహితుడు నాగప్రతిష్ఠ చేయించడానికి భార్యతో విదురాశ్వత్థం వెళ్లిన రెండు రోజుల్లో నేను బ్లేడుతో పాత స్టిక్కర్లు గీకి కొత్తవి అంటించాను. మిషను ఎలాగూ నడుస్తుంది, ఆ కొత్త సాఫ్ట్‌వేర్ ఎవరికి కావాలి అనుకున్నాను. ఆ రెండో రోజే పాతపాళ్యంలో చిల్లర అంగడి నడిపే ఒకామె కూతురి కోసం ఒకటి తీసుకుంది. ఆ పిల్లకు ఇంటి నుంచే చేసే ఉద్యోగం వచ్చిందట.

పదిహేను రోజులకు ఆమె ల్యాప్‌టాప్ పట్టుకుని తిరిగొచ్చింది. ఉద్యోగమిచ్చినవాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ ఉండాలన్నారు, మిషను ఒప్పుకోలేదు, వేరేది వెతికేలోపు ఆ పని ఇంకొకరికి పోయింది. నా స్నేహితుడు మిషను తెరిచి తెర మీద నంబరు చూశాడు. స్టిక్కరు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఇది అంటించింది ఎవురప్పా?" అందామె. "నా బిడ్డ అన్నం ముట్టకుండా ఏడుస్తాండాది. తప్పు తనదే అనుకుంటాండాది."

నేను అన్న మాట ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తుంది. "తప్పయిపోయిందమ్మా. సర్వీసు అంతా మావోడే చూస్తాడు. చూసుకోకుండా అంటించేసుంటాడు."

ఆమె వాడి వైపు తిరిగింది. "భూతద్దం పెట్టి జనంతో చదివిస్తావంటనే, అదంతా నాటకమా?"

ఆ రెండు రోజులు నేను ఊళ్లోనే లేనమ్మా అని వాడు ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నేను చెప్తానని చూశాడు. ఎనిమిదో తరం మిషను ఒకటి తీసి, నంబరు చూపించి ఆమె చేతికిచ్చాడు. ఆమె మెట్లు దిగి రోడ్డెక్కేదాకా నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. నేను బిల్లుల కట్ట సర్దుతున్నట్టు నటించాను. అప్పుడు వాడు భూతద్దం జేబులో వేసుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

"చంద్రిక?" అన్నాను. అడగవలసిన మాట అది కాదు.

"అది అంగడిది" అన్నాడు.

బాగేపల్లిలో జెరాక్సు అంగడి పెట్టుకున్నాడని తెలిసింది. మిగిలిన స్టిక్కర్లన్నీ పీకేశాను. పీకేశాను కాబట్టి బాగుపడ్డాననుకున్నాను. వచ్చే వారం వెళ్దాం, పండగ కానీ, వానలు తగ్గనీ అంటూ మూడేళ్లు గడిపాను. ఈలోగా తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు తరాల చిప్పులు చేతికొచ్చినవి చంద్రికలో పెట్టుకుంటూ పోయాను.

పోయిన నెలలో మొదట పాతపాళ్యం వెళ్లి ఆమెకు నిజం చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. "ఆయప్ప బాగేపల్లి బస్టాండులో రెండుసార్లు ఎదురొస్తే మొగం తిప్పుకుంటినే" అంది. "ఇప్పుడు నేను యాడ పెట్టుకొనేది ఈ మొగం?"

మర్నాడు చంద్రికను గోడ మీంచి దింపి, బస్సులో ఒళ్లో పెట్టుకుని బాగేపల్లి వెళ్లాను. వాడు ఎవరికో ఆధార్ కాపీలు తీసిస్తున్నాడు. నన్ను చూసి కుర్చీ తుడిచాడు.

"రండి, కూర్చోండి."

ఇంకెవరో వచ్చారనుకుని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

పాతపాళ్యంలో చెప్పిందంతా చెప్పాను. వాడు టీ తెప్పించాడు. "చెప్పొచ్చినారా, మంచిది" అన్నాడు. తర్వాత చంద్రికను వెలుగులోకి తిప్పి, జేబులోంచి అదే భూతద్దం తీశాడు.

"ఐదోది ఖాళీగానే ఉండాదే."

"ఏమీ పెట్టలేదు" అన్నాను. వాడు నవ్వుతాడేమోనని చూశాను.

"పదీ పదకొండూ తారుమారు చేసుండారు." ఆ రెంటినీ గోటితో పైకి లేపి, చోట్లు మార్చి కూర్చోబెట్టాడు. "ఇప్పుడు సరిపోయింది. ఎత్తుకొని పోండి."

"ఒరేయ్, ఒక్కసారి తిట్టరా నన్ను."

వాడు గ్లాసు నా ముందుకు జరిపాడు. "ఆరిపోతాంది, తాగండి."

తాగాను.