పొగమంచులో పెళ్ళి దరువు

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిలో ప్రతి అక్షరమూ నిజమని మా వీధి దేవుడు మదురైవీరుడి కత్తి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. నన్నెరిగినవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మాది కోయంబత్తూరుకు పడమట, కొండల కిందున్న తెలుగు వీధి. ఒక పొద్దున కట్టెలకని కొండెక్కుతుంటే, మిలిటరీవాళ్ళ సరుకుల విమానం ఒకటి నా నెత్తిమీదుగా పోయింది. దిగబోతున్నట్టు చక్రాలు కిందికి చాచి ఉన్నాయి. అంతలోనే మంచులో మాయమైంది. ఆ వెంటనే కొండ అదిరింది.

పరుగెత్తుకొచ్చి చెబితే వీధిలో ఒక్కరూ నమ్మలేదు. ఆ వేళకు రోజూ క్వారీలో రాళ్ళు పేలుస్తారు. ఆ చప్పుడే అనుకున్నారు.

“మొన్న మిల్లు పొగగొట్టమెక్కి చిరుతపులి కూసుండాదంటివే,” అంది పక్కింటి అక్క. “ఈ దినము ప్లేనా? పోడా.”

మా తాతయ్య మాత్రం నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, “ఇంకొక తూరి చెప్పు కణ్ణు,” అన్నాడు. చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. మూడోసారికి ఏడుపొచ్చింది. తాతయ్య లేచాడు.

“వీని అబద్ధము తూరితూరికీ లావవుతాది. ఇది లావు కాలే. నిజమే. లేవండి.”

మావయ్య సైకిలెక్కి పోలీసు స్టేషనుకు పోయాడు. తాతయ్య చూరుకు వేలాడుతున్న తప్పెట దించి కొండదారి మొదట నిలబడ్డాడు. ఆ మంచులో మూడడుగుల అవతల మనిషి కనిపించడు. పైన ఎవరైనా బతికుంటే ఎటు దిగాలో తెలియక లోయలో పడతారు. చప్పుడు వినిపిస్తే దాన్ని పట్టుకుని రావచ్చు. మాలో చావుకొక దరువు, పెళ్ళికొక దరువు. తాతయ్య పెళ్ళి దరువు ఎత్తుకున్నాడు.

“పెండ్లి దరువా? పైన చచ్చిండారేమో గదా తాతా,” అంది అక్క.

“చచ్చినోడు యాడికి దిగి వస్తాడమ్మా. బతికిండేవాన్ని గదా పిలిచేది.”

చెమ్మకు తోలు మాటిమాటికీ మెత్తబడి మూగపోయేది. మంట మీద కాచి బిగిస్తేనే మళ్ళీ పలికేది. ఆ మంట నా పని. చొప్ప అయిపోతే, అక్క తన ఆవుకు దాచుకున్న మోపంతా మోసుకొచ్చి, నన్ను తిట్టిన నోటితోనే “కాల్చురా” అంది. తాతయ్య వాయిస్తుంటే, నేను మంట వేస్తుంటే, వీధంతా మంచులోకి కళ్ళు పెట్టుకుని నిలబడింది.

చివరికి పొదలు కదిలాయి. నెత్తురోడుతున్న చేతిని గుండెకదుముకుని ఒక జవాను వచ్చాడు. వెనక్కి తిరిగి, పైన ఇంకా ఇద్దరున్నారన్నట్టు కొండవైపు రెండు వేళ్ళు చూపించాడు. తాతయ్య దరువు హెచ్చించాడు. కాసేపటికి ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని ఆ ఇద్దరూ దిగారు. వీధంతా ఈలలు. అక్క నన్నెత్తుకుని గిర్రున తిప్పింది.

ఇక ఒప్పుకోవాలి. అక్క నన్ను ఎత్తుకోలేదు. ఆ ఇద్దరూ దిగలేదు.

మిలిటరీ జీపులు వచ్చాక కూడా తాతయ్య ఆపలేదు. పొద్దు వాలాక ఒక ఆఫీసరు వచ్చి ఆయన మణికట్టు మెల్లగా పట్టుకునేదాకా పెళ్ళి దరువే వాయించాడు. నాకు ఆ మొండితనం అంటుకుంది. ఎవరైనా కనిపించకుండా పోతే, చనిపోయారన్న కబురు అందేదాకా వాళ్ళు దారిలో ఉన్నారనే అనుకుంటాను. ఆ ఇద్దరి కబురు ఆ సాయంత్రమే అందింది. అయినా ఈ కథ చెప్పినప్పుడల్లా, కాసేపైనా వాళ్ళను కిందికి దింపుకుంటాను.